సీఆర్‌సీ సరిపోయినంత మాత్రాన రన్‌వే సరైన చోట ఉన్నట్టు కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు హనుమకొండలో ఉంటూ సర్వే పనులు చేస్తున్నారు. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం మళ్లీ ప్రాణం పోసుకుంటోందన్న వార్తలు చూసి, ఉపగ్రహాల ఆధారంతో విమానాన్ని రన్‌వే మీదికి దించే ఎల్‌పీవీ అప్రోచ్ గురించి చదవడం మొదలుపెట్టారు. ఆ అప్రోచ్ చివరి భాగానికి కావలసిన కొలతలన్నీ 40 బైట్ల చిన్న మూటలో ఉంటాయనీ, దాని చివర సీఆర్‌సీ అనే 32 బిట్ల సరిచూపు సంఖ్య ఉంటుందనీ తెలుసుకున్నారు. ఆ సంఖ్య సరిపోతే డేటా నిజమైనట్టే కదా, ఇక మళ్లీ మళ్లీ సర్వేలు, తనిఖీ విమానాలు దేనికని అడిగారు.

నేను చాలా ఏళ్లు విమానాశ్రయాల సర్వేలోనూ, తరువాత అప్రోచ్ లెక్కలు సరిచూసే పనిలోనూ గడిపాను. సూటిగా చెబుతున్నాను, సరిపోదు. ఎందుకు సరిపోదో మన జిల్లాల్లో భూమి కాగితాలు తిరగేసిన వాళ్లకు సులభంగానే అర్థమవుతుంది. పాత భూమి రికార్డైన సేత్వార్‌లో విస్తీర్ణం తప్పు పడిందనుకోండి. తహసీల్దారు కార్యాలయం ఇచ్చే నకలు మీద సంతకం, ముద్ర అన్నీ ఉంటాయి. ఆ ముద్ర చెప్పేది ఒక్కటే, ఇది అసలుకు అచ్చమైన నకలు అని. పొలం నిజంగా ఎంత ఉందో ముద్రకు తెలియదు. దాన్ని గొలుసు పట్టుకుని పొలంలో దిగినవాడే చెప్పాలి. సీఆర్‌సీ చేసే పని కూడా ఆ ముద్ర చేసే పనే. అది ఆ పనిని అద్భుతంగా చేస్తుంది. మూటలో ఏదో ఒక చోట అంకెలు చెదిరిపోయి కూడా సీఆర్‌సీ అనుకోకుండా సరిపోయే అవకాశం రమారమి 430 కోట్లలో ఒకటి. సరిపోకపోతే విమానంలోని రిసీవర్ ఆ అప్రోచ్‌ను అసలు ఇవ్వదు. అయితే ఆ లెక్క మొదలయ్యేది అప్రోచ్ డిజైనర్ మూట కట్టిన క్షణం నుంచి. అంతకు ముందు జరిగిన తప్పును సీఆర్‌సీ కూడా భద్రంగా మోసుకెళ్లి విమానానికి అందిస్తుంది.

మూటలో ఏముంటుందో కాస్త విప్పి చూద్దాం. విమానాశ్రయం పేరు, రన్‌వే సంఖ్య, ఏ ఉపగ్రహ వ్యవస్థ మీద ఆధారపడాలన్న సంకేతం ఉంటాయి. జీపీఎస్ సంకేతాలను దిద్ది పంపే మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ గగన్‌కు ఆ సంకేతం 3. తరువాత రన్‌వే మొదలు, అంటే థ్రెషోల్డ్ బిందువు అక్షాంశం, రేఖాంశం. ఇవి సెకనులో 0.0005 వంతు వరకు ఉంటాయి, అంటే నేల మీద ఒకటిన్నర సెంటీమీటరు. ఆ బిందువు ఎత్తు 0.1 మీటరు వరకు ఉంటుంది. రన్‌వే అవతలి చివర గీత ఎటు సాగాలో చెప్పే రెండో బిందువు ఉంటుంది. దాన్ని నేరుగా రాయరు, మొదటి బిందువు నుంచి ఎంత తేడా ఉందో మాత్రమే రాస్తారు. థ్రెషోల్డ్ మీదుగా విమానం ఎంత ఎత్తులో దాటాలి, సాధారణంగా 15 మీటర్లు. దిగే కోణం, సాధారణంగా 3 డిగ్రీలు. చివరగా రెండు హెచ్చరిక హద్దులు: అడ్డంగా 40 మీటర్లు, నిలువుగా 50 మీటర్లు. ఆ తరువాత సీఆర్‌సీ.

ఒకటిన్నర సెంటీమీటరు అనగానే చాలామంది మురిసిపోతారు. అది రాసే పద్ధతిలోని సూక్ష్మత మాత్రమే. కొలత సూక్ష్మత వేరు. 8 మీటర్లు తప్పిన బిందువును కూడా ఒకటిన్నర సెంటీమీటరు వరకు రాయవచ్చు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం థ్రెషోల్డ్ స్థానం నేల మీద ఒక మీటరు లోపు కచ్చితంగా ఉండాలి. ప్రిసిషన్ అప్రోచ్, అంటే దిగే ఎత్తును కూడా కచ్చితంగా చూపే అప్రోచ్, ఉన్న రన్‌వేకు దాని ఎత్తు పావు మీటరు లోపు ఉండాలి. ఈ డేటా మధ్యలో చెడిపోయే అవకాశం పది కోట్లలో ఒకటికి మించకూడదని లక్ష్యం పెట్టారు. అంతకు తక్కువ ప్రాధాన్యం ఉన్న వాటికి లక్షలో ఒకటి, మామూలు వాటికి వెయ్యిలో ఒకటి. మొదటిది కచ్చితత్వం, రెండోది చెదరకుండా ఉండటం. ఈ రెండూ వేర్వేరు గుణాలు. మీ ప్రశ్నలో చిక్కు పడింది ఇక్కడే.

ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదకరమైన విషయానికి వస్తాను. ఎత్తు. సర్వే చేసేవాళ్లలో చాలామందికి దీని మీద ఉండాల్సినంత భయం లేదు. నాకుంది.

మనం మామూలుగా ఎత్తు అంటే సగటు సముద్రమట్టం నుంచి. ఉపగ్రహ రిసీవర్ చెప్పేది ఎలిప్సాయిడ్ నుంచి, అంటే భూమి ఆకారానికి గణితంలో గీసుకున్న నున్నటి ఉపరితలం నుంచి. ఈ రెండింటి మధ్య తేడాను జియాయిడ్ అన్‌డ్యులేషన్ అంటారు. ప్రపంచంలో చాలా చోట్ల అది పదో ఇరవయ్యో మీటర్లు. మన దేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రంలో ప్రపంచంలోకెల్లా లోతైన జియాయిడ్ పల్లం ఉంది, అక్కడ అది మైనస్ 100 మీటర్లు దాటుతుంది. ఆ పల్లం ప్రభావం మన దాకా వస్తుంది. తెలంగాణలో ఈ తేడా 70 మీటర్లకు పైగానే ఉంటుంది, అదీ మైనస్ గుర్తుతో. అంటే మీరు వరంగల్‌లో నిలబడి రిసీవర్ తెరిస్తే, ఎలిప్సాయిడ్ ఎత్తు మీకు తెలిసిన సముద్రమట్టపు ఎత్తు కంటే 70 మీటర్లకు పైగా తక్కువ చూపుతుంది.

లెక్క కోసం థ్రెషోల్డ్ సముద్రమట్టానికి 280 మీటర్ల ఎత్తున ఉందనీ, అన్‌డ్యులేషన్ మైనస్ 75 అనీ అనుకుందాం. మూటలో రాయవలసింది 205. ఎవరో పొరపాటున 280నే రాశారు. అప్పుడు దిగే దారి మొత్తం 75 మీటర్లు పైకి లేస్తుంది. విమానం థ్రెషోల్డును 15 మీటర్లకు బదులు 90 మీటర్ల ఎత్తున దాటుతుంది. దిగడం కుదరదు, పైలట్ మళ్లీ పైకి లేపుకుంటాడు. ప్రాణాపాయం తక్కువ. ఇప్పుడు తిరగేసి చూడండి. సర్వే బృందం పంపినవి అప్పటికే ఎలిప్సాయిడ్ ఎత్తులు. పట్టికలో శీర్షిక కింద ‘ఎత్తు’ అని మాత్రమే ఉంది. ఆఫీసులో కూర్చున్నవారు వాటిని సముద్రమట్టపు ఎత్తులనుకుని మరో 75 తీసేశారు. మూటలోకి 130 వెళ్లింది. దిగే దారి థ్రెషోల్డ్ దగ్గర నేలకు 60 మీటర్ల అడుగున ఉంటుంది. వెనక్కి లెక్కేస్తే ఆ గీత రన్‌వేకు 1,100 మీటర్లకు పైగా ముందే నేలను తాకుతుంది. మబ్బు కమ్మిన తెల్లవారుజామున, ఆ గీతను నమ్ముకుని వచ్చే విమానంలో డెబ్బై మంది ఉంటారు. ఆ మూట మీద సీఆర్‌సీ చక్కగా సరిపోతుంది.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణ కాదు. కొన్నేళ్ల కిందట ఒక చిన్న విమానాశ్రయం కాగితాలు సరిచూస్తుండగా ఇదే తప్పు నా చేతికి వచ్చింది. రన్‌వే రెండు చివరల ఎత్తులూ ఒకే రకంగా తప్పాయి కాబట్టి వాలు లెక్క సరిగ్గానే వచ్చింది. పటం గీస్తే అందంగానే ఉంది. ఎక్కడా అనుమానం రాలేదు. ఆ ఊరికి నేను రైల్లో వెళ్లాను. స్టేషన్ చివర పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టపు ఎత్తు రాసి ఉంటుంది కదా, దాన్ని అలవాటుగా డైరీలో రాసుకున్నాను. మధ్యాహ్నం ఫైలు తెరిచేసరికి విమానాశ్రయం ఎత్తు స్టేషన్ కంటే డెబ్బై మీటర్లకు పైగా తక్కువ. రెండింటి మధ్య దూరం ఆరేడు కిలోమీటర్లు, దారంతా వరి పొలాలు, చదునైన నేల. అంత పల్లం అక్కడ లేదు. ఆ సాయంత్రమే సర్వే బృందానికి ఫోను చేసి అసలు ఫీల్డ్ బుక్ తెప్పించాం. శీర్షికలో ఒక్క మాట లేకపోవడమే కారణం. అది ప్రచురణ దాకా వెళ్లలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆనాటి నుంచి నా చేతిలోకి వచ్చిన ఏ పట్టికలోనూ ‘ఎత్తు’ అనే మాటను ఒంటరిగా ఉండనివ్వలేదు. దేని నుంచి ఎత్తు, ఏ జియాయిడ్ నమూనా వాడారు, ఏ తేదీన కొలిచారు అన్నవి పక్కన లేకపోతే ఆ కాగితాన్ని వెనక్కి పంపేవాణ్ని.

అక్షాంశ రేఖాంశాల్లోనూ ఇలాంటి గోతులున్నాయి. మన పాత పటాలు ఎవరెస్ట్ 1830 ఎలిప్సాయిడ్ మీద గీసినవి. ఉపగ్రహ వ్యవస్థలు వాడేది డబ్ల్యూజీఎస్-84 అనే ప్రపంచవ్యాప్త కోఆర్డినేట్ల పద్ధతి. ఒకే సర్వే రాయి అక్షాంశ రేఖాంశాలు ఈ రెండింటిలో మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా తేడాగా వస్తాయి. 1998 జనవరి 1 నుంచి విమానయానానికి డబ్ల్యూజీఎస్-84 తప్పనిసరి చేశారు. ఇది చాలా కాలంగా అమల్లో ఉన్నా, మామునూరు లాంటి పాత మైదానాల విషయంలో జాగ్రత్తగా ఉండాల్సిందే. అది 1930లో నిజాం కాలంలో ఏర్పడి, 1981 వరకు విమానాలు నడిచిన చోటు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ అభివృద్ధికి అనుమతి ఇచ్చింది. అంత చరిత్ర ఉన్న చోట పాత నక్షాలు, పాత పిల్లర్లు, పాత పట్టికలు ఏదో బీరువాలో ఉంటాయి. ఎవరో మంచి ఉద్దేశంతోనే వాటిలోంచి ఒక బిందువు తీసి కొత్త పనిలో కలిపేస్తారు. పాత కాగితాన్ని చరిత్ర కోసం దాచుకోండి, కోఆర్డినేట్ల కోసం మాత్రం వాడకండి.

మరొక సంగతి మన సర్వేయర్లు కూడా తరచూ మరిచిపోతారు. మన నేల కదులుతోంది. భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతోంది. ఇరవై ఏళ్లకు అది ఒక మీటరు. థ్రెషోల్డుకు అనుమతించిన మొత్తం తేడాయే ఒక మీటరు! 2005లో ఎంతో శ్రద్ధగా కొలిచిన బిందువు కూడా ఈ రోజు ఉపగ్రహాల లెక్కలో అక్కడ లేదు. అందుకే కోఆర్డినేట్ల పక్కన అవి ఏ సంవత్సరానికి చెందినవో రాయడం మర్యాద కోసం కాదు, అది కొలతలో భాగం.

సెకన్ల దశాంశాలను కొట్టేయడం, డిగ్రీ-నిమిషం-సెకను పద్ధతిని దశాంశ డిగ్రీలుగా చదవడం కూడా జరుగుతుంటాయి. రెండోది 40 కిలోమీటర్ల తేడా తెస్తుంది కాబట్టి వెంటనే దొరికిపోతుంది. మొదటిదే మెల్లగా దాక్కుంటుంది. 30.27 సెకన్లను 30 అని రాస్తే పోయేది 8 మీటర్లు. పెద్ద తప్పులు తమను తామే చాటుకుంటాయి. ఐదు నుంచి పది మీటర్ల తప్పులను మాత్రం మనమే వెతికి పట్టుకోవాలి.

మరి సరిచూడటం ఎలా? నేను పాటించిన పద్ధతి చెబుతాను. మూటను దాని తయారీదారు సాఫ్ట్‌వేర్‌తో కాకుండా వేరే సాఫ్ట్‌వేర్‌తో విప్పాలి. విప్పిన అంకెల నుంచి రన్‌వేను నేనే తిరిగి కట్టుకుంటాను. రెండు బిందువుల మధ్య దూరం, నిజ ఉత్తరం నుంచి దిశ లెక్కగట్టి సర్వే పట్టికలోని పొడవుతో, దిశతో పోలుస్తాను. 2,500 మీటర్ల రన్‌వేకు అవతలి బిందువు 5 మీటర్లు పక్కకు జరిగిందనుకోండి, రన్‌వే మీద అది చిన్న విషయం లాగే కనిపిస్తుంది. ఆ గీతను వెనక్కి సాగదీస్తే 9 కిలోమీటర్ల దూరంలో 18 మీటర్లు పక్కకు పోతుంది. తరువాత ఎత్తు చూస్తాను. థ్రెషోల్డుకు 9,260 మీటర్ల దూరంలో, అంటే 5 నాటికల్ మైళ్ల దగ్గర, 3 డిగ్రీల గీత ఎంత ఎత్తున ఉండాలి? 485 మీటర్లు, దానికి దాటే ఎత్తు 15 కలిపితే 500. ఇంకా భూమి గుండ్రం వల్ల మరో 6.7 మీటర్లు కలుస్తాయి, ఎందుకంటే ఉపగ్రహ గీత తిన్ననిది, నేల వంగినది. ప్రచురించిన చార్టులో ఆ దూరం దగ్గర రాసిన ఎత్తు ఈ లెక్కతో కలవాలి. కలవకపోతే ఆగిపోవాలి. ఈ లెక్కకు క్యాల్క్యులేటర్, పది నిమిషాలు చాలు. ఎన్నో కోట్ల ఖర్చుతో చేసిన పనులను ఈ పది నిమిషాలు ఆపిన సందర్భాలు నాకు తెలుసు.

రన్‌వే పొడిగింపు జరిగే చోట ఇది మరీ ముఖ్యం. మామునూరులో ఉన్న పాత రన్‌వే 1.8 కిలోమీటర్లే, పెద్ద విమానాలకు అది పెరగాలి. పెరిగినప్పుడు థ్రెషోల్డ్ జరగవచ్చు. రెండో బిందువు మూటలో తేడాగానే ఉంటుందని చెప్పాను కదా. మొదటి బిందువును మార్చి, తేడాను పాతదిగానే వదిలేస్తే గీత మొత్తం దానితోపాటు జరిగిపోతుంది. కొత్త సీఆర్‌సీ వేసుకుంటే అదీ సరిపోతుంది. అందుకే మార్పు ఒక్క అంకెలో జరిగినా మూట మొత్తాన్ని మొదటి నుంచి కట్టాలని, మొదటి నుంచి సరిచూడాలని నా పట్టుదల.

ఇక్కడ ఇద్దరు మనుషుల సంగతి చెప్పాలి. సరిచూడటం అంటే మొదటివాడి కాగితం పక్కన పెట్టుకుని టిక్కులు పెట్టడం కాదు. మనిషి కన్ను తాను చూడాలనుకున్నదే చూస్తుంది. రెండోవాడు వేరే రోజు, వేరే రిసీవర్‌తో, వేరే నియంత్రణ బిందువు నుంచి మొదలుపెట్టి థ్రెషోల్డును కొలవాలి. యాంటెనా ఎత్తును తానే టేపు పట్టి కొలవాలి, వాలుగా కొలిచాడా నిలువుగా కొలిచాడా రాసుకోవాలి. మొదటివాడి జవాబు అతనికి తెలియకూడదు. రెండూ వచ్చాక మూడో మనిషి పోల్చాలి. ఎత్తుకు మరో ఆధారం కూడా కావాలి. సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్క్, అంటే సముద్రమట్టపు ఎత్తు ముందే తేల్చిన గుర్తు నుంచి ఆటోలెవల్‌తో లెవలింగ్ తెచ్చి, అంటే ఎత్తు తేడాలు వరుసగా కొలుచుకుంటూ వచ్చి, తిరిగి అదే బెంచ్‌మార్క్ దగ్గర ముగించి, మొదటికీ చివరికీ వచ్చిన తేడాను, అంటే క్లోజింగ్ ఎర్రర్‌ను, రాయాలి. ఉపగ్రహం చెప్పిన ఎత్తు, లెవలింగ్ చెప్పిన ఎత్తు, మధ్యలో జియాయిడ్ నమూనా, ఈ మూడూ ఒకదాన్నొకటి ఒప్పుకోవాలి. థ్రెషోల్డ్ ఎత్తులో ఒక మీటరు తప్పు విమానం నేల తాకే చోటును 19 మీటర్లు జరుపుతుంది. ఇది గుర్తుంటే లెవలింగ్ విసుగనిపించదు.

అడ్డంకుల సర్వే గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాయవచ్చు. మన ఉత్తర తెలంగాణలో అప్రోచ్ దారి కింద ఏముంటాయి? సెల్ టవర్లు, హైటెన్షన్ లైన్లు, రైస్ మిల్లుల పొగగొట్టాలు, గ్రానైట్ గుట్టలు, కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లు. ఇవన్నీ ఎవరైనా రాస్తారు. మరిచిపోయేది చెట్లను. తాటిచెట్టు మెల్లగా పెరుగుతుంది, కానీ ఆగదు. నీలగిరి తోట అయితే సర్వే చేసిన రోజున నడుమెత్తు ఉండి, చార్టు రెండోసారి సవరించేనాటికి అడ్డంకిగా మారుతుంది. చెట్టును కొలిచిన ఎత్తుతో రాయకండి, ఆ జాతి ఎదగగల ఎత్తుతో రాయండి. కట్టడాలకు విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఎత్తు అనుమతులు ఉన్నాయి. కానీ దరఖాస్తులో స్థలం కోఆర్డినేట్లు, నేల ఎత్తు మళ్లీ ఎవరో సర్వేయర్ ఇచ్చినవే. రేపు మీ దగ్గరకు ఎవరైనా అపార్ట్‌మెంట్ కోసం వస్తే, ఫోనులో చూసిన అంకెలు రాసి ఇవ్వకండి. ఆ కాగితం విమానం దారిలోకి వెళ్లే కాగితం.

నేల మీద పని పూర్తయ్యాక తనిఖీ విమానం వస్తుంది. అది వృథా ఖర్చా అని మీరు అడిగారు. నేల సర్వే చిన్న తప్పులను పట్టుకుంటుంది, విమానం పెద్ద తప్పులను పట్టుకుంటుంది. రెండూ వేర్వేరు వలలు. పైన చెప్పిన 75 మీటర్ల తప్పు విమానంలో కూర్చున్నవారికి క్షణంలో తెలిసిపోతుంది. రన్‌వే పక్కన ఉండే పాపీ (PAPI) అనే, దిగే కోణం చూపే దీపాలు 3 డిగ్రీల దారిలో రెండు తెలుపు, రెండు ఎరుపు చూపాలి. నాలుగూ ఎరుపైతే దారి కిందికి పోయిందని అర్థం. నేల నుంచి ఎత్తు కొలిచే రేడియో ఆల్టీమీటరు థ్రెషోల్డ్ దగ్గర 15 మీటర్లు చూపాలి. సర్వేలో నమోదు కాని టవరు కిటికీలోంచి కనిపిస్తుంది. అదే సమయంలో ఒక మీటరు స్థానం తప్పును ఆ విమానం పట్టుకుంటుందని ఆశించకూడదు. తనిఖీ విమానం ఒప్పుకుంది కాబట్టి సర్వే కూడా సరైనదే అనే మాట విన్నప్పుడల్లా నేను అడ్డుపడ్డాను.

ఆ తరువాత డేటా ప్రచురణకు వెళ్తుంది, 28 రోజుల చక్రంలో అమల్లోకి వస్తుంది. నావిగేషన్ డేటాబేస్ తయారుచేసే సంస్థలు దాన్ని తమ పద్ధతిలో కూర్చి విమానాలకు పంపుతాయి. ఈ ప్రయాణంలో చేతులు చాలా మారతాయి. సీఆర్‌సీ తన విలువ చూపించేది ఇక్కడే, ఈ దశలో దాన్ని నమ్మవచ్చు. నా అభ్యర్థన ఒక్కటే, ప్రచురించిన మూటను చేతితో మళ్లీ టైపు చేయవద్దు.

విమానం గాల్లో ఉన్నప్పుడు జరిగే సరిచూపు వేరే. దాన్ని గగన్ చూసుకుంటుంది. దేశంలో 15 రిఫరెన్స్ కేంద్రాలున్నాయి, మనకు దగ్గరిది నాగ్‌పూర్‌ది. తమ స్థానం కచ్చితంగా తెలిసిన ఆ కేంద్రాలు జీపీఎస్ సంకేతాల్లో తప్పు ఎంతో గమనిస్తాయి. బెంగళూరులోని ప్రధాన కేంద్రాలు దిద్దుబాట్లు లెక్కగడతాయి. జీశాట్-8, జీశాట్-10, జీశాట్-15 ఉపగ్రహాల ద్వారా అవి విమానానికి చేరతాయి. దిద్దుబాటుతోపాటు దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెబుతుంది, గగన్ గొప్పతనం అదే. రిసీవర్ ప్రతి క్షణం తన తప్పు ఎంతవరకు ఉండవచ్చో ఒక రక్షణ హద్దు కట్టుకుంటుంది. అది మూటలో రాసిన 40, 50 మీటర్ల హద్దులను దాటితే ఎల్‌పీవీ లేదని చెప్పేస్తుంది. మన అక్షాంశాల్లో సూర్యాస్తమయం తరువాత అయనావరణం, అంటే పై వాతావరణంలోని విద్యుదావేశపు పొర, చాలా అల్లరి పెడుతుంది. ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు చుట్టుపక్కల నెలల్లో, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో. అందుకే ఇస్రో మన ఆకాశానికి తగిన అయనావరణ నమూనాను ప్రత్యేకంగా తయారుచేసుకుంది. గగన్ 2015 ఏప్రిల్‌లో నిలువు మార్గదర్శనానికి ధ్రువీకరణ పొందింది. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక ఏటీఆర్-72 విమానం దీని సాయంతో దిగింది. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. కిషన్‌గఢ్ కూడా మామునూరు లాంటి చిన్న చోటే.

అయితే గగన్ సరిచూసేది విమానం ఎక్కడుందో. రన్‌వే ఎక్కడుందో దానికి తెలియదు. రన్‌వే గురించి మనం మూటలో ఏది రాస్తే దాన్నే నమ్ముతుంది.

ఎల్‌పీవీ మీద నాకు ఇంత గౌరవం ఎందుకో కూడా చెప్పాలి. గాలి పీడనం ఆధారంగా దిగే దారి కట్టుకునే అప్రోచ్‌లు కూడా ఉన్నాయి. వాటిలో దారి నిజంగా ఎక్కడుందన్నది ఆ రోజు వాతావరణాన్ని బట్టి మారుతుంది. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీల ఎండలో 3 డిగ్రీల దారి నిజానికి 3.3 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది. అంతకంటే పెద్ద ముప్పు పీడనం అంకె తప్పు చెప్పడం. 2022 మే 23న పారిస్ చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో ఒక ఏ320 విమానానికి కంట్రోలర్ గాలి పీడనం 1001 బదులు 1011 అని చెప్పారు. పది హెక్టోపాస్కల్ తేడా, ఎత్తులో రమారమి 280 అడుగులు. విమానం రన్‌వే చేరకముందే నేలకు 6 అడుగుల దాకా వచ్చి, పైలట్లు పైకి లేపడంతో తప్పించుకుంది. విమానం బాగుంది, చార్టు బాగుంది, తప్పింది ఒక్క అంకె. ఎల్‌పీవీలో దిగే దారి ఆ అంకె మీద ఆధారపడదు. దాని ఎత్తు జ్యామితి నుంచి వస్తుంది. కాబట్టే భారమంతా మూటలో రాసిన ఎత్తు మీద పడుతుంది. పారిస్‌లో తప్పు ఆ పూటకే పరిమితం. మూటలో తప్పు పడితే సవరించేదాకా వచ్చే ప్రతి విమానానికీ అదే తప్పు.

మీరు చివర్లో ఈ పని నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. మామునూరు దాకా వెళ్లనవసరం లేదు. మీ ఊరికి దగ్గర్లోని సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్క్ ఒకటి వెతకండి. దాని మీద రిసీవర్ పెట్టి నాలుగు గంటలు కదపకుండా పరిశీలన తీసుకోండి. వచ్చిన ఎలిప్సాయిడ్ ఎత్తులోంచి బెంచ్‌మార్క్ ఎత్తు తీసేయండి. మైనస్ డెబ్బై చిల్లర వస్తుంది. దాన్ని ఈజీఎమ్-2008 జియాయిడ్ నమూనా చెప్పే విలువతో పోల్చి తేడా రాసుకోండి. వారం తరువాత మీ సహోద్యోగిని అదే బెంచ్‌మార్క్‌కు పంపండి, వేరే రిసీవర్‌తో. మీ ఫీల్డ్ బుక్ మాత్రం అతనికి చూపించకండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాక తేడా పది సెంటీమీటర్లు దాటితే, ముందు ఇద్దరూ యాంటెనా ఎత్తు ఎలా కొలిచారో చూడండి. అప్పటికీ తేడా తేలకపోతే రెండు ఫీల్డ్ బుక్కుల పేజీలూ ఫోటోలు తీసి ఇక్కడే పెట్టండి, నేను కూర్చుని చూస్తాను.